ఎగ్జోటిక్ సరీసృపాల మీద కొత్త బిల్లు వస్తోందంటే ఇంట్లో ఉన్న బాల్ పైథాన్ సంగతేంటి?

ఎగ్జోటిక్, అంటే బయటి దేశాల, సరీసృపాల పెంపకం మీద ఆంక్షలు పెడుతూ కొత్త బిల్లు తెస్తున్నారని విన్నారు, మీ ఇంట్లో ఒక బాల్ పైథాన్ (ఆఫ్రికాకి చెందిన చిన్న కొండచిలువ), ఒక బియర్డెడ్ డ్రాగన్ (ఆస్ట్రేలియా బల్లిజాతి జీవి) ఉన్నాయి, రేపు వచ్చి పట్టుకుపోతారేమో, ఇప్పుడే ఎవరికైనా ఇచ్చేస్తే నయమా, అసలు ఇలాంటి చట్టాలు న్యాయమేనా అని అడిగారు. ముందు భయం సంగతి తేల్చేద్దాం. ఎవరికీ ఇవ్వొద్దు, అమ్మొద్దు, కంగారులో అసలు ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. బయట ఎక్కడైనా వదిలేద్దామన్న ఆలోచన పొరపాటున కూడా రానివ్వద్దు, ఎందుకో కింద చెప్తాను. నేను చాలా ఏళ్ళుగా పాములు, బల్లిజాతి జీవులు పెంచుతున్నాను, జనం వద్దనుకున్న వాటిని తీసుకుని బాగుచేసి వేరే ఇళ్ళకి పంపే పని కూడా చేస్తుంటాను, ఇలాంటి చట్టం మాట వినిపించినప్పుడల్లా మా దగ్గరికి వచ్చే జంతువుల పరిస్థితి ఎలా మారిపోతుందో దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి ఆ అనుభవంతో రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

బిల్లు పెట్టినంత మాత్రాన చట్టం అయిపోదు. అమెరికాలో 2009లో హెచ్.ఆర్. 669 అని ఒక బిల్లు వచ్చింది, ప్రభుత్వం పరీక్షించి ఓకే చేసిన జాతులు తప్ప బయటి దేశాల జంతువులేవీ దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు అన్న ధోరణిలో. పెంపకందార్లు ఊపిరాడకుండా ఉత్తరాలు రాశారు, అది కమిటీ దాటి రాలేదు. మళ్ళీ 2022లో దాదాపు అదే ఆలోచనని ఒక పెద్ద ఆర్థిక బిల్లులో కలిపి ప్రతినిధుల సభ పాస్ చేసింది, చివరికి చట్టంగా బయటికొచ్చేసరికి ఆ భాగం తీసేశారు. కాబట్టి మొదటి డ్రాఫ్ట్‌లో ఉన్నదే ఆఖరి మాట అనుకుని కూర్చోకండి. అలాగని ఇవన్నీ ఇలాగే మూలన పడిపోతాయిలే అని నిమ్మకు నీరెత్తినట్టు ఉండిపోకండి కూడా, పాసైనవీ చాలా ఉన్నాయి.

బిల్లు పాఠం చేతికి దొరకగానే అందరూ చేసే పని ఒకటే, వెనక ఉన్న షెడ్యూల్, అంటే జాతుల జాబితా, తెరిచి తమ జంతువు పేరు ఉందా లేదా అని వెతుక్కోవడం. ఉంటే ఏడుపు, లేకపోతే మనకెందుకులే అని పక్కన పడేయడం. నన్నడిగితే ముందు చదవాల్సింది అది కాదండీ. ఈ చట్టం అమల్లోకి వచ్చే నాటికే ఇళ్ళల్లో ఉన్న జంతువుల్ని ఏం చేయాలో చెప్పే క్లాజు ఒకటి ఉంటుంది, లేదా ఉండాలి, దాన్ని వెతకండి. ఒక జాతిని నిషేధించారా లేదా అన్నదాని కంటే కూడా ఆ రెండు మూడు వాక్యాల మీదే వేల జంతువుల బతుకు ఆధారపడి ఉంటుంది. జాబితా ఎంత కఠినంగా ఉన్నా ఆ క్లాజు సరిగ్గా ఉంటే జంతువులు బతుకుతాయి. అది లేకపోతే, లేదా భయపెట్టేలా ఉంటే, చట్టం ఏ నష్టాన్ని ఆపాలనుకుందో అదే నష్టం ఇంకా పెరుగుతుంది.

అసలు ఈ చట్టాలు ఎందుకు వస్తున్నాయో కూడా నిజాయితీగా ఒప్పుకోవాలి. మన హాబీలో ఉన్న చాలామంది ఇదంతా పాములంటే భయం, మీడియా హంగామా అని కొట్టిపారేస్తారు. కొంత నిజమే, కానీ అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో జరిగింది భయం కాదు. ఆగ్నేయాసియా నుంచి పెంపకానికి తెచ్చిన బర్మీస్ కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కు చిత్తడి నేలల్లో స్థిరపడి గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తున్నాయని 2000 నాటికి అధికారికంగా తేల్చారు. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, కొండచిలువలు పెరగకముందు రోడ్ల మీద కనిపించిన జంతువుల లెక్కలతో పోల్చి చూస్తే రకూన్లు 99.3 శాతం, ఒపోసమ్‌లు 98.9 శాతం, బాబ్‌క్యాట్‌లు 87.5 శాతం తగ్గిపోయాయి. ఇది పాముల పనే అని ఎలా చెప్తారు అని వాదించినవాళ్ళూ ఉన్నారు, అప్పుడు ఇంకో టీమ్ చిత్తడి కుందేళ్ళకి రేడియో కాలర్లు కట్టి అక్కడే వదిలి చూసింది, ఆ పార్కులో చనిపోయిన కుందేళ్ళలో 77 శాతం కొండచిలువల కడుపులోకే పోయాయి. ఇంకేం వాదిస్తాం?

1992లో ఆండ్రూ తుఫానుకి ఒక బ్రీడింగ్ సెంటర్ కూలిపోయి అక్కడి పాములు బయటపడ్డాయని, అందుకే ఇలా జరిగిందని, మామూలు పెంపకందార్ల తప్పేం లేదని ఒక వాదన ఎప్పుడూ వినిపిస్తుంది. నాకు ఈ వాదన అస్సలు నచ్చదు. తుఫాను వల్ల పోయినా, పెద్దదైపోయిందని ఎవరో కారులో తీసుకెళ్ళి కాలవ గట్టున వదిలినా, రెండూ మన వ్యాపారంలోంచి వచ్చినవే. 50, 60 సెంటీమీటర్ల పిల్లని చూసి ముచ్చటపడి కొంటారు, బాగా తిండి పెడితే ఏడాది తిరిగేసరికి అది మనిషి పొడవు దాటుతుంది, ఆ తర్వాత మూడు నాలుగు మీటర్ల పాముకి గది కావాలి, ఎత్తడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఈ విషయం అమ్మేటప్పుడు చెప్పని షాపు, అడగకుండా కొన్న మనిషి, ఇద్దరూ కలిసి తెచ్చిన చట్టం ఇది.

కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. ఏ జంతువు ప్రమాదం అన్నది ఆ జంతువుని చూసి మాత్రమే చెప్పలేం, ఆ ఊరి వాతావరణం కూడా చూడాలి. 2010 జనవరిలో ఫ్లోరిడాలో గట్టి చలి పడితే అక్కడి కొండచిలువలు కూడా చాలా చచ్చిపోయాయి, అలాంటి పాము ఏటా మంచు కురిసే చోట బయటపడితే మొదటి శీతాకాలమే దాటదు. ఇంకోవైపు కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ తీసుకోండి. విషం లేదు, మనిషికి ఏ హానీ లేదు, కొత్తగా పెంచేవాళ్ళకి ఇదైతే మంచిదని మనమే సలహా ఇస్తాం. స్పెయిన్‌కి చెందిన గ్రాన్ కనారియా దీవిలో ఈ పెంపుడు పాములే తప్పించుకుని విస్తరించాయి, ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా ఉండని పెద్ద బల్లి జాతి, పాములు చేరిన చోటల్లా దాదాపు కనిపించకుండా పోయింది. అక్కడి బల్లులకి పాము అంటే ఏంటో తెలియదు, పారిపోవాలని కూడా తెలియదు. అంటే భారీ సైజు, భయంకరమైన రూపం చూసి రాసిన జాబితా ఈ కింగ్‌స్నేక్‌ని పట్టుకోలేదు, చలి దేశంలో ఏ హానీ చేయలేని కొండచిలువని మాత్రం పట్టుకుంటుంది. అందుకే మీ బిల్లులో జాబితా ఏ ఆధారంతో తయారు చేశారు, స్థానిక వాతావరణం లెక్కలోకి తీసుకున్నారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

జాబితాలు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి నిషేధించిన జాతుల పేర్లు రాసేది, మిగతావన్నీ పెంచుకోవచ్చు. రెండోది అనుమతించిన జాతుల పేర్లు రాసేది, అందులో లేనివేవీ పెంచకూడదు. యూరప్‌లో చాలా దేశాలు ఇప్పుడు రెండోదాని వైపు నడుస్తున్నాయి. బెల్జియం ముందు క్షీరదాలకి పెట్టింది, అక్కడి ఫ్లాండర్స్ ప్రాంతం 2019లో సరీసృపాలకీ పెట్టింది. నెదర్లాండ్స్ 2024 జులై నుంచి క్షీరదాలకి అమలు చేస్తోంది. బెల్జియం జాబితా మీద కోర్టుకి వెళ్తే యూరోపియన్ కోర్టు 2008లో ఇలాంటి జాబితా పెట్టుకోవచ్చు కానీ దానికి నిష్పాక్షికమైన ఆధారాలుండాలి, కొత్త జాతిని చేర్చమని అడిగే దారి ఉండాలి, కాదంటే కోర్టులో సవాలు చేసుకునే వీలుండాలి అంది. నేను ఈ తీర్పుని చాలా గౌరవిస్తాను. అనుమతి జాబితా అనగానే మనవాళ్ళు ఉరుకులు పరుగులు పెడతారు గానీ, ఆ జాబితా పొడుగ్గా ఉండి, చేర్పించుకునే దారి తెరిచి ఉంటే, అదేమీ ప్రపంచం మునిగిపోయే విషయం కాదు. పది జాతుల పేర్లు రాసి తలుపు మూసేస్తేనే సమస్య.

తలుపు పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో నార్వే చూపించింది. 1970లలో అక్కడ సరీసృపాల పెంపకం దాదాపు మొత్తం నిషేధించారు. పెంపకం ఆగిందా అంటే లేదు, గుట్టుగా నడిచింది. చివరికి 2017లో 19 జాతులకి అనుమతిచ్చారు. ఆ నలభై ఏళ్ళలో జరిగిన నష్టం ఏ లెక్కల్లోనూ కనపడదు, ఎందుకంటే దాచిపెట్టి పెంచేవాళ్ళు డాక్టర్ దగ్గరికి వెళ్ళరు.

ఈ మాట ఊరికే అనట్లేదు. పర్మిట్ లేకుండా పెంచిన ఒక గ్రీన్ ఇగ్వానా (పెద్ద బల్లిజాతి జీవి) మా దగ్గరికి వచ్చింది. పట్టుకోగానే తెలిసిపోయింది, కింది దవడ వేళ్ళతో నెమ్మదిగా నొక్కితే వంగుతోంది, గట్టిగా ఉండాల్సిన ఎముక అది. వెనక తొడలు బాగా కండపట్టినట్టు ఉబ్బి ఉన్నాయి, తెలియనివాళ్ళు చూస్తే భలే బలంగా ఉందనుకుంటారు, కానీ అది కండ కాదు, ఎముకలో కాల్షియం పోయి దాన్ని నిలబెట్టడానికి చుట్టూ పీచు కణజాలం పేరుకోవడం. కాలివేళ్ళు వాటంతటవే అదురుతున్నాయి. యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే లైటు లేకుండా కిటికీ పక్కన పెట్టారు, ఎండ తగులుతోంది కదా అనుకున్నారు, గాజు ఆ కిరణాల్ని దాదాపు మొత్తం ఆపేస్తుందని వాళ్ళకి తెలియదు. ఆ కిరణాలు లేకపోతే ఒంట్లో డీ3 విటమిన్ తయారవదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. మొదట్లోనే డాక్టర్‌కి చూపించి ఉంటే లైటు మార్చి, మందులిచ్చి సులువుగా బాగుచేసేవాళ్ళు. ఎందుకు చూపించలేదు అంటే, డాక్టర్ కంప్లైంట్ చేస్తే కేసు అవుతుందని భయం. ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, ఆ జంతువంటే ప్రాణం, అప్పగించేటప్పుడు ఆ తల్లి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చట్టం వల్ల వాళ్ళు పెంచడం మానలేదు, వైద్యానికి మాత్రం దూరమయ్యారు.

అందుకే ఇప్పటికే ఉన్న జంతువుల క్లాజు అంత ముఖ్యం అంటున్నాను. మంచి క్లాజు ఎలా ఉంటుందంటే, ఫలానా తేదీ లోపు రిజిస్టర్ చేసుకుంటే ఆ జంతువు చనిపోయేదాకా మీ దగ్గరే ఉంచుకోవచ్చు అని ఉంటుంది. ఆ చనిపోయేదాకా అన్న మాట ఉందో లేదో తప్పకుండా చూడండి. బాల్ పైథాన్ సరిగ్గా చూసుకుంటే 20, 30 ఏళ్ళు సునాయాసంగా బతుకుతుంది, అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో ఒకటి 60 దాటిన వయసులో 2020లో గుడ్లు పెట్టింది. సుల్కాటా తాబేలైతే పెంచిన మనిషి పోయాక కూడా ఉంటుంది. అలాంటివాటికి ఏటా రెన్యువల్ చేసుకోవాలి, అధికారి ఇష్టమైతే ఇస్తాడు లేకపోతే లేదు అని రాస్తే అది ఇచ్చినట్టూ కాదు, ఇవ్వనట్టూ కాదు. యజమాని చనిపోతే కుటుంబంలో ఇంకొకళ్ళ పేరు మీదకి మార్చుకోవచ్చా అన్నది కూడా రాసి ఉండాలి, చాలా బిల్లుల్లో ఈ ఊసే ఉండదు. రిజిస్ట్రేషన్ గడువు ఎంత, ఫీజు ఎంత, గడువు తెలియక ఆలస్యమైతే శిక్షేనా లేక మొదటిసారికి వదిలేస్తారా, ఇవి కూడా చూడండి. ఫీజు ఎంత పెంచితే అంతమంది రిజిస్టర్ చేయరు, ఇది పెంచేవాళ్ళందరికీ తెలిసిన సంగతే, రాసేవాళ్ళకే తెలియాలి.

ఇంకొకటి, ప్రయాణం. ఇది ఎవరూ పట్టించుకోరు, తర్వాత బాధపడతారు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వం 2012 జనవరిలో బర్మీస్ కొండచిలువ, ఆఫ్రికా రాతి కొండచిలువలు రెండు రకాలు, పసుపు అనకొండ, ఈ నాలుగింటినీ లేసీ యాక్ట్ అనే వన్యప్రాణి వ్యాపార చట్టం కింద హానికర జంతువులుగా ప్రకటించింది, 2015లో రెటిక్యులేటెడ్ పైథాన్, ఇంకో మూడు అనకొండలు చేరాయి. మీ దగ్గర ఉన్నదాన్ని ఉంచుకోవచ్చు, ఫెడరల్ చట్టం దానికి అడ్డం చెప్పలేదు. కానీ రాష్ట్రం సరిహద్దు దాటించకూడదు అన్నారు. దాంతో ఉద్యోగం మారి పక్క రాష్ట్రానికి వెళ్ళాల్సినవాళ్ళు ఏం చేయాలి? సరీసృపాలు చూసే డాక్టర్లే అరుదు, దగ్గర్లో ఉన్న ఒక్క డాక్టరూ సరిహద్దుకి అవతల ఉంటే? ఇంట్లో ఉంటే తప్పు లేదు, ఆస్పత్రికి తీసుకెళ్తే నేరం. అమెరికా సరీసృపాల పెంపకందార్ల సంఘం కోర్టుకి వెళ్ళింది, 2017 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు ఆ చట్టంలో ప్రధాన భూభాగంలోని రాష్ట్రాల మధ్య రవాణాని ఆపే అధికారమే లేదని తీర్పిచ్చింది. మొదటి ప్రకటనకీ ఆ తీర్పుకీ మధ్య ఐదేళ్ళు గడిచిపోయాయి, ఆ మధ్యలో ఇల్లు మారినవాళ్ళు తమ పాముల్ని వదులుకోవాల్సి వచ్చింది. కాబట్టి మీ బిల్లులో రవాణా అనే పదం ఎక్కడుందో వెతకండి, వైద్యం కోసం, ఇల్లు మారడం కోసం మినహాయింపు ఉందా చూడండి.

పెంచలేనివాళ్ళకి వదులుకునే దారి కూడా ఉండాలి. ఇందులో ఫ్లోరిడానే మంచి ఉదాహరణ, వాళ్ళ ఎగ్జోటిక్ పెట్ అమ్నెస్టీ కార్యక్రమంలో పర్మిట్ ఉన్నా లేకపోయినా జంతువుని తెచ్చి అప్పగించొచ్చు, కేసు పెట్టరు, ఎందుకు పెంచావని నిలదీయరు, డాక్టర్ చూస్తాడు, ముందే అర్హత చూసి ఒప్పుకున్న వేరే పెంపకందార్లకి దత్తత ఇస్తారు. కాలవ గట్టున వదిలేయడానికి బదులు ఇంకో దారి చూపించడం అంటే ఇదీ. అదే రాష్ట్రం 2021లో గ్రీన్ ఇగ్వానాలు, తేగూలనే పెద్ద బల్లులతో సహా 16 రకాల సరీసృపాల్ని నిషేధ జాబితాలోకి మార్చింది, అప్పటికే పెంపుడు జంతువుగా ఉన్నవాటికి పర్మిట్ ఇచ్చింది గానీ బ్రీడర్లకి గడువు పెట్టింది. ఆ గడువుల చివర ఏం జరిగిందంటే, 2023లో ఒక చోట అధికారులు వెళ్ళి 30కి పైగా కొండచిలువల్ని చంపారు, జాబితాలోనే లేని ఒక కడుపుతో ఉన్న బోవా పాముని కూడా పొరపాటున చంపేశారు. ఆ వార్త చదివాక నాకు రెండ్రోజులు అన్నం సహించలేదు. ఆ బ్రీడర్లది తప్పా అధికారులది తప్పా అని వాదించుకోవచ్చు, పాములదైతే తప్పు కాదు కదా. జప్తు చేసినవాటిని ఎక్కడ పెడతారు, ఎవరు చూసుకుంటారు, దానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్నది బిల్లులో రాయకపోతే చివరికి జరిగేది ఇదే.

ఇంత చెప్పాను కదా అని అన్నీ స్వేచ్ఛగా పెంచుకోనివ్వాలి అంటున్నానని అనుకోకండి. విషసర్పాలు, మొసలి జాతి, ఐదారు మీటర్లు పెరిగే పాములు, వీటికి లైసెన్స్ ఉండాల్సిందే, ఈ విషయంలో నేను చట్టం పక్షమే. బ్రిటన్‌లో 1976 నుంచే ప్రమాదకర అడవి జంతువుల చట్టం ఉంది, విషసర్పం పెంచాలంటే స్థానిక కౌన్సిల్ దగ్గర లైసెన్స్ తీసుకోవాలి, తనిఖీకి వస్తారు, ఇన్సూరెన్స్ ఉండాలి. సరైన పద్ధతి. విషసర్పం పెంచేవాడు తన ప్రాణంతోనే ఆడుకుంటున్నాను అనుకుంటాడు, అది అబద్ధం. ఏ ప్రాంతం ఆస్పత్రిలోనైనా ఆ ప్రాంతం పాములకి పనిచేసే విరుగుడే ఉంటుంది. ఇండియాలో దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర ఈ నాలుగింటి విషానికి తయారుచేసింది, ఆఫ్రికా గబూన్ వైపర్ కాటుకి దాన్ని ఎక్కిస్తే ఏం లాభం? అంటే పెంచేవాడితో పాటు ఇంట్లోవాళ్ళు, పక్కింటి పిల్లలు, పట్టుకోవడానికి వచ్చిన ఫైర్ సిబ్బంది అందరూ మందు లేని ప్రమాదంలో ఉంటారు. పెద్ద కొండచిలువల విషయం కూడా అంతే, 2009లో ఫ్లోరిడాలో పర్మిట్ లేకుండా పెంచుతున్న బర్మీస్ కొండచిలువ సరిగ్గా మూయని ట్యాంకులోంచి బయటికొచ్చి నిద్రపోతున్న రెండేళ్ళ పాపని చంపేసింది. తాళం వేసే ఎన్‌క్లోజర్ (జంతువుని ఉంచే పెట్టె) తప్పనిసరి అన్న నిబంధనకి ఎవరైనా అడ్డం చెప్తే నేను వాళ్ళతో మాట్లాడను.

సరీసృపాల నుంచి మనుషులకి అంటే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా సంగతి కూడా బిల్లుల్లో వస్తుంది. నిజమైన సమస్యే, చిన్న తాబేళ్ళని పిల్లలు నోట్లో పెట్టుకుంటున్నారని అమెరికా 1975లోనే 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని ఆపేసింది. చేతులు సబ్బుతో కడుక్కోవడం, వంటింట్లోకి తీసుకెళ్ళకపోవడం, ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పెంచకపోవడం, వీటితో చాలావరకు పోతుంది. మొత్తం నిషేధానికి ఇది కారణంగా చూపిస్తే మాత్రం నేను ఒప్పుకోను.

నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించేది అడవిలోంచి పట్టి తెచ్చే వ్యాపారం. ఇండోనేషియాలో రోటి అనే చిన్న దీవిలో పాములాంటి పొడుగు మెడ ఉన్న తాబేలు ఉండేది, 1994లో దానికి ప్రత్యేక జాతిగా శాస్త్రీయ నామం పెట్టారు. పేరు పెట్టడమే దానికి శాపమైంది, కొత్త జాతి, అరుదైనది అని కలెక్టర్లు ఎగబడ్డారు, కొన్నేళ్ళలోనే అడవిలో దాదాపు లేకుండా చేశారు. టాంజానియాలో నీలిరంగు మరుగుజ్జు గెకో కథా అంతే, చిన్న అడవి ముక్కలో ఉండే బల్లిని సంచుల కొద్దీ పట్టి పంపారు, దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని ఆపేలా సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో చేర్చేసరికి 2017 వచ్చింది. 2020లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం ప్రపంచంలోని సరీసృప జాతుల్లో 35 శాతానికి పైగా వ్యాపారంలో ఉన్నాయి, వాటిలో దాదాపు నాలుగింట మూడొంతులకి ఏ అంతర్జాతీయ నియంత్రణా లేదు. ఈ లెక్క చూశాక కూడా దిగుమతుల మీద ఆంక్షలు వద్దని ఎలా అంటాం? పెంపకంలో పుట్టిన పిల్లలకి, అడవిలో పట్టినవాటికి తేడా చూపించే చట్టం కావాలని మనమే ముందుండి అడగాలి. మీ బాల్ పైథాన్ ఎక్కడ పుట్టిందో మీకు తెలుసా? ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో అడవిలోంచి గుడ్లతో ఉన్న ఆడపాముల్ని, గుడ్లని తెచ్చి పొదిగించి పిల్లల్ని ఎగుమతి చేస్తారు, వాటిని ఫామ్‌లో పుట్టినవిగా అమ్ముతారు. బ్రీడర్ దగ్గర తల్లిదండ్రుల్ని చూసి కొన్నదానికీ దీనికీ చాలా తేడా ఉంది.

ఇండియాలో ఉన్నవాళ్ళకి ఒక మాట, అక్కడ ఇది బిల్లు దశ దాటిపోయింది. 2020లో కాగితాలు లేకపోయినా సరే తమ దగ్గరున్న విదేశీ జంతువుల వివరాలు స్వచ్ఛందంగా చెప్పుకోమని ఆరు నెలలు అవకాశం ఇచ్చారు, 2022 వన్యప్రాణి సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, 2024 ఫిబ్రవరిలో వచ్చిన రూల్స్ ప్రకారం సైటీస్ జాబితాలోని జంతువులున్నవాళ్ళు కేంద్ర ప్రభుత్వ పరివేష్ 2.0 పోర్టల్‌లో ఆరు నెలల్లో రిజిస్టర్ చేసుకోవాలి, ఆ గడువు 2024 ఆగస్టు 28తో అయిపోయింది. కొత్తగా చేతికి వచ్చినదైతే 30 రోజుల్లో చెప్పాలి. నక్షత్ర తాబేలు, ఉడుము, మన దేశపు కొండచిలువ లాంటివి ఈ రిజిస్ట్రేషన్‌తో చట్టబద్ధం కావు, అవి 1972 చట్టం కింద ఇంట్లో పెట్టుకోకూడనివే.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రెండు జంతువులకీ కొన్న రసీదు, బ్రీడర్ ఇచ్చిన కాగితం, డాక్టర్ బిల్లులు ఏవి ఉన్నా ఒకచోట పెట్టండి, రసీదు లేకపోతే అమ్మినవాళ్ళని ఇప్పుడే అడిగి రాయించుకోండి, చట్టం వచ్చాక వాళ్ళు ఫోన్ ఎత్తరు. తేదీ కనిపించేలా ఫోటోలు తీయండి, బాల్ పైథాన్ ఒంటి మీద మచ్చలు ఒకదానికి ఉన్నట్టు ఇంకోదానికి ఉండవు, కుబుసం విడిచినా ఆ గుర్తులు మారవు, కాబట్టి రెండు పక్కలా, తల పైనుంచి స్పష్టంగా తీస్తే అదే మంచి గుర్తింపు. వీలైతే మైక్రోచిప్ వేయించండి, బియ్యపు గింజంత ఉంటుంది, సరీసృపాలు చూసే డాక్టర్ చర్మం కింద పెడతాడు, చాలా చోట్ల రిజిస్ట్రేషన్‌కి అదే అడుగుతారు. ఎన్‌క్లోజర్‌కి తాళం లేకపోతే పెట్టించండి. ఈ విషయం తేలేదాకా జత కట్టించొద్దు, గడువు తేదీ తర్వాత పుట్టే పిల్లలకి ఇప్పటికే ఉన్న జంతువుల మినహాయింపు వర్తించదు, వాటిని ఎవరికీ ఇవ్వలేక మీరే ఇరుక్కుంటారు. బియర్డెడ్ డ్రాగన్ గురించి నాకు పెద్ద దిగులు లేదు, నార్వే లాంటి చోట కూడా అనుమతించిన జాతుల్లో అది ఉంది, బాల్ పైథాన్ కూడా అందులో ఉంది, కానీ కొన్ని బిల్లుల్లో పైథాన్ అన్న ఒక్క పదంతో చిన్నా పెద్దా అన్నిటినీ కలిపేస్తారు, మీ బిల్లులో జాతి పేరు శాస్త్రీయ నామంతో రాశారా లేక ఊరికే కొండచిలువలు అని రాశారా చూడండి, ఊరికే రాసి ఉంటే మీ అభ్యంతరంలో మొదటి పాయింట్ అదే అవ్వాలి.

అభ్యంతరం రాసేటప్పుడు మా హక్కులు, మా స్వేచ్ఛ అని మొదలుపెట్టకండి, చదివే అధికారి రెండో లైనుకి ఆపేస్తాడు. మీ దగ్గర ఏ జాతి ఉంది, ఎంత పెరుగుతుంది, ఎన్నేళ్ళు బతుకుతుంది, ఏం తింటుంది, మీ ప్రాంతం చలికి లేదా ఎండకి బయట బతకగలదా, ఇవి రాయండి. తర్వాత క్లాజు నంబర్ వేసి, ఫలానా చోట జీవితకాలం అన్న పదం చేర్చండి, వైద్యానికి రవాణా మినహాయింపు ఇవ్వండి, కేసు లేకుండా అప్పగించే కేంద్రం పెట్టండి అని సూటిగా, మార్చాల్సిన వాక్యం మీరే రాసి పంపండి. పెద్ద కొండచిలువలకి, విషసర్పాలకి లైసెన్స్ పెట్టడాన్ని మేమూ సమర్థిస్తున్నాం అని కూడా రాయండి, నిజంగానే సమర్థించాలి కాబట్టి. అందరూ ఒకే ఉత్తరాన్ని కాపీ కొట్టి పంపితే ఒకటిగానే లెక్కేస్తారు, మీ సొంత మాటల్లో ఒక పేజీ చాలు. ప్రజాభిప్రాయం తీసుకోవడానికి మామూలుగా కొద్ది వారాలే టైమిస్తారు, ఆ ఆఖరి తేదీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, ముందు అది చూసి రాసి పెట్టుకోండి.